పెంకులు దాచిన తొర్ర

వడ్రంగిపిట్ట ఒకటి మద్దిచెట్టు నిండా తొర్రలు తొలిచింది. వస్తువులు దాచుకుంటామని అడిగిన పిట్టకల్లా ఒక తొర్ర ఇచ్చేది, మూసుకోవడానికి బెరడుముక్కతో సహా.

పిల్లలు బయటికొచ్చాక గుడ్డుపెంకుల్ని ఏ పిట్టయినా దూరంగా పారేసి వస్తుంది. పిగిలిపిట్టకి మాత్రం మనసొప్పలేదు. తొలిచూలు పెంకులు కదా, తీసుకెళ్ళి తొర్రలో దాచుకుంది.

"మూత పెట్టి వెళ్ళు తల్లీ," అంది వడ్రంగిపిట్ట.

"చుట్టాలొచ్చి చూసుకోవద్దూ? నువ్వున్నావుగా మామా!" అని నవ్వుతూ ఎగిరిపోయింది.

చుట్టాలొచ్చి చూశారు, మురిసిపోయారు. వాళ్ళ వెనకే జెర్రిపోతు పామూ వచ్చింది. పెంకుల్ని వాసన చూసి, ఆ వాసన పట్టుకునే గూటిదాకా పాకింది. తల్లి మేత పట్టుకుని వచ్చేసరికి కొమ్మ చివర ఒక్క పిల్ల వణుకుతూ ఉంది. గూడు ఖాళీ. పాము పాకిన జాడ మద్దిచెట్టు వైపు నుంచే ఉంది.

పిగిలిపిట్ట ఏడుస్తూ మద్దిచెట్టు మీద వాలింది. "నీ చెట్టే కదా మామా, పాముని ఎలా రానిచ్చావు?"

"నువ్వు తెరిచి ఉంచితే అందరూ చూడొచ్చనే అనుకున్నానమ్మా," అంది వడ్రంగిపిట్ట, తల దించుకుని.

తల్లి గూటికి తిరిగొచ్చి పిల్లని రెక్క కిందికి తీసుకుంది.

"అమ్మా, పాముకి మన ఇల్లు ఎవరు చూపించారు?"

"నేనే కన్నా," అంది.