గొంతు పోయిన ఎమ్మెల్సీ

శాసనమండలిలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకొని ఆళ్లగడ్డకు వచ్చాడు ఎమ్మెల్సీ మురళీధర్. అనుచరులు వేసిన దండ మెడలో ఇంకా ఉంది. అతని కోసం అక్క సులోచన మిరియాల కషాయాన్ని రెండు గ్లాసుల్లో తిరగబోసి చల్లారుస్తోంది.

“ఇంతగా అరిచి ఏం సాధించినావప్పా?”

“వైద్యం బిల్లు ఓటింగుకు రాకుండా ఆపినాం,” అన్నాడు గుసగుసగా.

“ఏముంది దాంట్లో?”

“ప్రతి ఊరి ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్లు పెడతారంట.”

ఆమె చేతులు ఆగిపోయాయి. రోజు మార్చి రోజు భర్తను డయాలసిస్ కోసం నంద్యాలకు తీసుకుపోయేది ఆమే.

“మన ఊర్లో గూడానా?”

తలూపాడు.

“మరి ఎందుకు ఆపినావు?”

“ఆ బిల్లు మొదట తెచ్చింది మేమే అక్కా. అప్పుడు ఈ అధికార పార్టీవాళ్లే అరిచి ఆపినారు. ఇప్పుడు వాళ్లకు పేరు రానిస్తామా?”

సులోచన లేచి వెళ్లి కషాయాన్ని పెరట్లో పారబోసి వచ్చింది.

“ఏందక్కా అది?”

“మండలి మళ్లా కూడేటప్పటికి గూడా నీ గొంతు ఇట్లే ఉండనీ. మీ బావ బతుకుతాడు.”