ఆకుపచ్చ గీత

తెర మీద రెండు గీతలు వెలిగాయి.

ఎర్రగీత గాలికి ఎగిరిన దారప్పోగులా మెలికలు తిరిగింది. అది మైసూన్ విమానాన్ని దించబోయిన దారి.

ఆకుపచ్చ గీత ఎడారి మీంచి, ఒక్క ఊపిరిలో గీసినట్టు వచ్చి రన్‌వే మీద వాలింది.

"రెండోసారీ తప్పావు," అన్నాడు కెప్టెన్ అవ్నీ. "ఆదివారం మూడోసారి. అదీ పోతే ఇక ఇంటికే. తెలుసుగా?"

అమ్మాన్‌లోని ఆ శిక్షణ కేంద్రంలో దీన్ని అందరూ కొంగల పాఠం అంటారు. ఏళ్ళ కిందట వలస కొంగల గుంపు ఒక విమానానికి అడ్డం పడింది. ఒక ఇంజను ఆగింది. ముందరి అద్దం పగిలింది. అయినా దాని కెప్టెన్ నూట నలభైమందినీ క్షేమంగా నేలకు దించాడు. ఆయన వచ్చిన దారే ఆ ఆకుపచ్చ గీత. నేల మీదే కదిలే నకలు కాక్‌పిట్‌లో అదే గాలి, అదే ఆగిన ఇంజను పెట్టి, నేర్చుకునేవాళ్ళను దించమంటారు.

"ఎవరు సార్ ఆయన?"

"పేరు చెప్పొద్దన్నాడు. గీత చూసి నేర్చుకుంటే చాలన్నాడు."

ఆ గీతను చూసినప్పుడల్లా మైసూన్‌కు ఒళ్ళు జలదరించేది. అంత గాలిలో, అంత భయంలో, మనిషి చెయ్యేనా అలా నడిపింది?

తన చెయ్యి సంగతి తనకు తెలుసు. ఆమెది పుట్టుకతో ఎడమచేతి వాటం. కొత్తవాళ్ళు కూర్చునేది కుడి సీట్లో. అక్కడ విమానాన్ని తిప్పే స్టిక్ కుడిచేతికే ఉంటుంది.

వరండాలోకి రాగానే తోటి శిక్షణార్థి కుతైబా అందుకున్నాడు.

"మైసూన్, ఒక ఉపాయం చెప్పనా? సీటు వెనక్కి తిప్పుకుని కూర్చో. స్టిక్ ఎడమచేతికి వస్తుంది!"

అందరూ ఘొల్లుమన్నారు.

కాఫీ బల్ల దగ్గర కూర్చున్న అబూ రాకాన్ కూడా మీసాల్లో నవ్వాడు. వారానికి రెండు రోజులు వచ్చి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ కాఫీ పోసే ముసలాయన. కోటు కుడిచెయ్యి ఎప్పుడూ జేబులోకి దోపి ఉంటుంది. కాఫీ కూజా కింద పెట్టి, చిన్న కప్పును ఎడమచేత్తో ఆమె ముందుకు చాపాడు.

మైసూన్‌కు చెవులు వేడెక్కాయి. కాఫీ ఎడమచేత్తోనా! కప్పుకు ఎడమచెయ్యి చాపినందుకు చిన్నప్పుడు నాయనమ్మ ఎన్నిసార్లు ఆ చేతి మీద కొట్టిందో!

"మీరు కూడా వెక్కిరిస్తున్నారా బాబాయ్? మా ఇంట్లో ఎడమచేత్తో ఇస్తే తీసుకోం."



ఆయన కప్పును బల్ల మీద పెట్టాడు.

"నిజమే తల్లీ. మంచి ఇంట్లో పెరిగావు. ఇదిగో, నువ్వే తీసుకో."

ఆమె విసురుగా కుడిచేత్తో కప్పు అందుకుని కిటికీ వైపు నడిచింది.

"చూశావా?" వెనకనుంచి అన్నాడాయన. "ఇంత కోపంలోనూ ఒక్క చుక్క ఒలకలేదు. ఆ చేతికి పని రాదని ఎవరన్నారు? స్టిక్‌ను పిడికిలి బిగించి పట్టకు. ఆ కప్పు పట్టినట్టే, మూడు వేళ్ళతో."

"విమానం కాఫీ కప్పు కాదు బాబాయ్."

"కాదులే. చెయ్యి మాత్రం అదేగా."

ఆదివారం వచ్చింది.

తెర నిండా తెల్లటి రెక్కలు. ధడేల్‌మన్న చప్పుడు. కుడి ఇంజను ఆగింది. గాలి పక్కనుంచి నెడుతోంది. మైసూన్ కుడి పిడికిలి దానంతటదే బిగుసుకుంది. విమానం ఒరిగింది.

"ఎత్తు తగ్గుతోంది," అన్నాడు అవ్నీ.

అప్పుడు ఆమెకు కప్పు గుర్తొచ్చింది.

పిడికిలి విప్పింది. మూడు వేళ్ళు ఆనించింది, అంతే. ఒలకకూడదు అనుకుంది.

విమానం మెల్లగా సర్దుకుంది. గాలి తోసింది. వేళ్ళు కాస్త వంగాయి. మళ్ళీ తోసింది, మళ్ళీ వంగాయి. చక్రాలు నేలను తాకాయి.

తెర మీద ఎర్రగీత ఆకుపచ్చ గీత పక్కనే, వేలు పట్టుకుని నడిచే పిల్లలా వచ్చింది.

అవ్నీ ఆ రెండు గీతల వెంటా వేలు నడిపించాడు. "దించావమ్మాయ్," అన్నాడు.

ఆమె వరండాలోకి పరుగెత్తింది. కుర్చీ ఖాళీ. కూజా చల్లగా ఉంది.

"అబూ రాకాన్ ఏరి సార్?"

అవ్నీ టోపీ తీశాడు.

"శుక్రవారం పోయాడు. గుండె ఆగింది. పరీక్ష అయ్యేదాకా నీకు చెప్పొద్దనుకున్నాం. మేమంతా పరామర్శకు వెళ్తున్నాం, వస్తావా?"

ఆ ఇంటి ఆడవాళ్ళ గదిలో అబూ రాకాన్ భార్య ఆమెను తేరిపార చూసింది.

"ఎడమచేత్తో ఇస్తే తీసుకోనన్న పిల్లవి నువ్వేనా?"

మైసూన్‌కు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "తప్పయింది పెద్దమ్మా. క్షమించండి."

"దేనికి? ఆ రోజు ఇంటికొచ్చి ఒకటే నవ్వు. 'గట్టి పిల్ల, నాకే బుద్ధి చెప్పింది, తప్పకుండా దించుతుంది' అన్నాడు. దించావా?"

"దించాను."

పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. చక్కెర లేని చావింటి కాఫీ పోసి అందించింది. కంగారులో మైసూన్ ఎడమచెయ్యి ముందుకొచ్చేసింది. పక్కనున్న ఆడవాళ్ళు ముఖం చిట్లించారు. మైసూన్ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

పెద్దావిడ ఆ చేతిని పట్టుకుని, కప్పు అందులోనే పెట్టింది.

"కుడిచెయ్యి ఉంటే ఆయన దాంతోనే ఇచ్చేవాడు తల్లీ. కొంగలు తగిలిన రోజున అద్దంతోపాటు ఆ చెయ్యీ పోయింది. నూట నలభైమందినీ నేలకు దించింది, నువ్వు కాదన్న ఆ ఎడమచెయ్యే."