ఫెర్మీన్ బాబాయ్ కునుకు

"ఎత్తు! ఆ పెట్టె చేత్తో ఎత్తు!"

మేడ మీది బాల్కనీలోంచి ఒక ముసలావిడ నిప్పులు చెరుగుతోంది. చెరగడం చెరుగుతోంది గానీ అంతా గుసగుసగానే. దొరిందాకు ఒక్క ముక్కా వినపడలేదు. చక్రాల పెట్టెను రాళ్ళు పరిచిన వీధిలో గడగడలాడించుకుంటూ ఇంకో నాలుగడుగులు లాగి, తలెత్తి, "ఏమంటున్నారమ్మా?" అని గట్టిగా అరిచింది.

ముసలావిడ తల బాదుకుంది. క్షణంలో మెట్లు దిగి వచ్చేసింది. దొరిందా గది చెప్పుకున్న బస ఆవిడదే. పేరు కసిల్డా.

"మధ్యాహ్నం మూడున్నర! చీమ చిటుక్కుమనని వేళ! నీ పెట్టె చప్పుడుకి ఎదురింటి ఫెర్మీన్ బాబాయ్ లేచిపోయి ఉంటాడు. యాభై ఏళ్ళు రాత్రంతా మేలుకుని ఈ వీధికి రొట్టెలు కాల్చిన మనిషి. ఆయన పగటి నిద్ర చెడగొట్టినవాళ్ళకి నా ఇంట్లో చోటు లేదు."

దొరిందా చప్పున పెట్టెను చేత్తో ఎత్తి పట్టుకుంది. దక్షిణ స్పెయిన్‌లోని ఈ అండలూసియా ఊళ్ళో వసంతపు తిరునాళ్ళు నడుస్తున్నాయి. ఇంకే బసలోనూ మంచం ఖాళీ లేదు. స్పెయిన్ ఉత్తరపు కొసన, గలీసియాలో, ముప్పై రెండేళ్ళు చేపల ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసిన మనిషి జన్మలో మొదటిసారి సరదాగా బయల్దేరిన ప్రయాణం ఇది. ఈ గది పోతే సాయంత్రం బస్సెక్కి వెనక్కి పోవడమే.

"తెలియక చేశానమ్మా. మా ఊళ్ళో సముద్రం హోరులో పెట్టె చప్పుడు ఎవరూ పట్టించుకోరు."

"నాకు కాదు, ఆయనకు చెప్పుకో. ఐదింటికి వెళ్ళి క్షమాపణ అడుగు. ఆయన సరేనంటేనే తాళంచెవి. అందాకా ఇలా కూర్చో, మొహం చూస్తే పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు."

ఆ కోపంతోనే పాలకూర వేసి వండిన శనగల గిన్నె ఆమె ముందు పెట్టింది. జీలకర్ర వాసన గుప్పుమంది. బిక్కుబిక్కుమంటూనే దొరిందా గిన్నె ఊడ్చేసింది. ఇంత కమ్మగా వండే చేతికి ఇంత కఠినమైన నోరెందుకు ఇచ్చాడో దేవుడు అనుకుంది.

చర్చి గడియారం ఐదు కొట్టగానే కసిల్డా ఒక పళ్ళెం తెచ్చింది. నిండా తేనెలో ముంచిన పిండివంటలు.

"ఉత్తచేతులతో వెళ్తావా ఏమిటి? ఇదుగో, పట్టుకెళ్ళు."

ఎదురింటి తలుపు తెరిచే ఉంది. ఎనభై ఐదేళ్ళ ఫెర్మీన్ గుమ్మానికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు. బల్ల మీద రెండు కప్పులున్నాయి.

"బాబాయ్ గారూ, నా పెట్టె చప్పుడుకి మీ నిద్ర పాడైంది. క్షమించాలి," తల వంచుకుని అప్పజెప్పింది దొరిందా.

జవాబు లేదు. ఆయన వెనక పొయ్యి మీద కాఫీ బుసబుసమని పొంగిపోతోంది. ఆయన తల కూడా తిప్పలేదు. దొరిందా పరుగున వెళ్ళి దించింది. అప్పుడు చూసి నాలుక కరుచుకున్నాడు ముసలాయన.

"కనిపెట్టేశావా? రెండు చెవులూ పోయి పదేళ్ళయింది తల్లీ. వెలుగుకేసి తిరిగి మాట్లాడు, పెదాలు చూసి తెలుసుకుంటాను. కసిల్డాకి మాత్రం చెప్పకు, నీకు పుణ్యముంటుంది."

"చెబితే ఏం?" పెదాలు బాగా కదుపుతూ అడిగింది దొరిందా.

"నిద్ర చెడగొట్టారని ఆవిడ ఎవరో ఒకరిని రోజూ ఇలా నా మీదికి తోలుతుంది. ఈ ఒక్క గంట కోసం పొద్దున్నుంచీ ఎదురు చూస్తుంటాను. నాకు చెవుడని తెలిస్తే ఇంకెందుకు పంపుతుంది? బారుకి వెళ్తే నలుగురూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరి పెదాలని చూడను? మోకాళ్ళ నొప్పులని చెప్పి మానేశాను."

దొరిందా కళ్ళు చెమర్చాయి. చెప్పనని చేతిలో చెయ్యేసింది.

గంట అనుకున్నది రెండు గంటలైంది. ఏ సందులో నడిస్తే నారింజ పూల వాసన వస్తుందో, ఏ బారులో వంకాయ ముక్కలు అప్పటికప్పుడు వేయించి తేనె పోసి ఇస్తారో ఆయన చెప్పాడు. చేపల ఫ్యాక్టరీ కబుర్లు ఆమె చెప్పింది. మూడు రోజులుగా ఊరూరా గోడకేసి చూస్తూ ఒక్కతే భోంచేసిన మనిషికి ప్రాణం లేచొచ్చింది.

"క్షమించాడా?" గుమ్మంలోనే నిలదీసింది కసిల్డా.

"చాలా కోపంగా ఉన్నారమ్మా. బతిమాలితే క్షమించారు," కళ్ళు దించుకుని అబద్ధమాడింది దొరిందా.

కసిల్డా తలాడించి తాళంచెవి చేతిలో పెట్టింది.

మర్నాడు మూడు దాటింది. వీధిలో ఎండ తప్ప మనిషి లేడు. దొరిందా గుమ్మంలో కసిల్డా పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. గది చెప్పుకున్న కొత్త జంట ఒకటి అప్పుడే వచ్చింది. వీపున సంచులు, కాళ్ళకు తాడుతో అల్లిన మెత్తటి చెప్పులు. అడుగుల చప్పుడే లేదు. పైగా, "వీధంతా నిద్రపోతున్నట్టుంది, మెల్లగా వచ్చామమ్మా," అన్నాడు కుర్రాడు గొంతు తగ్గించి.

కసిల్డా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. ఎక్కడా చక్రాల్లేవు. ఆవిడ మొహం వాడిపోయింది. మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, వంటింట్లోని అతి పెద్ద ఇనప పెనం మోసుకొచ్చి, వీధి రాళ్ళ మీదికి ధడాలున విసిరింది. చూరు మీది పావురాలన్నీ లేచిపోయాయి.

"అయ్యయ్యో! మీరు రావడమేమిటి, ఫెర్మీన్ బాబాయ్ నిద్ర చెడడమేమిటి! ఐదింటికి ఇద్దరూ వెళ్ళి క్షమాపణ అడిగితే గానీ తాళంచెవి లేదు!" అని గుసగుసగా నిప్పులు చెరిగింది.

దొరిందా నోరెళ్ళబెట్టింది. కసిల్డా పెనం తీసుకుని వస్తూ ఆమె చెవి దగ్గర వంగింది.

"పదేళ్ళ నుంచీ తెలుసు తల్లీ. నాకు తెలుసని ఆయనకు మాత్రం చెప్పకు."