నీరు ఎక్కడిది?

"వానలో ఆడనిచ్చావు. అందుకే బిడ్డ ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది," అని ఆసుపత్రి వరండాలో అందరి ముందూ కోడలిని దులిపేసింది అత్తగారు.

కోడలు లోపలికి వెళ్ళి డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చింది. "ఆ నీరు ఎందుకు చేరిందో ఇక్కడే చెప్పండి."

"వానకు కాదమ్మా. పిల్లల్లో ఎక్కువగా న్యుమోనియా వల్ల చేరుతుంది. ఒక్కోసారి గుండె, కిడ్నీ జబ్బుల వల్ల కూడా. మీ పాపకు మాత్రం క్షయ. మందులతో నయమవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా చాలాకాలంగా దగ్గుందా?"

అత్తగారి ముఖం పాలిపోయింది.

"అత్తయ్యకు ఉంది," అంది కోడలు. "ఆవిడకూ పరీక్ష చేయండి."

బెంచీ మీదివాళ్ళు మెల్లగా పక్కకు జరిగారు. కోడలు వెళ్ళి అత్తగారిని ఆనుకుని కూర్చుంది.

"జబ్బు ఎవరూ కావాలని తెచ్చుకోరు. మా అత్తయ్యను ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోను."