ముసురులో వంతు

బయటి నుంచి వచ్చే కరెంటు తీగలను ఆ ఊరు తీసేసి పదేళ్లయింది. ఇప్పుడు ముసురు పట్టి ఆరు రోజులు. ఊరి ఉమ్మడి బ్యాటరీలో మిగిలిన కరెంటును, ఆ బ్యాటరీ బాధ్యత చూసే సుంకమ్మ ఇంటింటికీ వంతులు వేసింది. ఎర్రిస్వామికి మాత్రం వంతు లేదు. అందరూ కలిసి సోలార్ పలకలు పెట్టుకున్నప్పుడు చేరనన్నవాడు అతనొక్కడే. ఎండ రోజుల్లో అతనికీ మిగులు కరెంటు ఇచ్చేవారు గానీ, ముసురులో సభ్యులకే అన్నది ఊరి కట్టుబాటు.

అతని ఇంట్లో కరెంటుతో కోడిగుడ్లు పొదిగే పెట్టె ఉందని గుర్తొచ్చి సుంకమ్మ వెళ్లింది. ముసలాయన ముప్పై గుడ్లను కంబళిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అడగొచ్చు గదా మామా?"

"ఏ మొగం పెట్టుకోని అడిగేదమ్మా? ఇంక రెండు దినాల్లో పిల్లలయ్యేవి."

"మా ఇంటి వంతు నీకు మళ్లిస్తా. పెట్టె ఎయ్యి."

"మరి మీకు?"

"కట్టెల పొయ్యి ఉండాదిలే."

రెండు రోజులు సుంకమ్మ ఇంట్లో దీపం వెలగలేదు. ఆమె భర్త సణిగాడు గానీ అడ్డుచెప్పలేదు. మూడో రోజు ఎండ కాసింది. ఇరవై మూడు గుడ్లు పిల్లలయ్యాయి.

ఆమె పలకల దగ్గరికి వెళ్లేసరికి ఎర్రిస్వామి తడిగుడ్డతో బురద చారలు తుడుస్తున్నాడు.

"నిన్నెవరు రమ్మన్నారు మామా?"

అతను తల ఎత్తలేదు. "మళ్లా మబ్బు పట్టేలోగా నిండాల గదమ్మా, మన బ్యాటరీ."