ఎవరి మందు

“నా పెళ్ళాన్ని చంపింది నీ చౌక మందేరా!”

వెల్డరు అరుపుకి వంటగదిలో గ్లాసులు కడుగుతున్న కూతురు కుళాయి కట్టేసింది. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. ముందుగదిలో అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు ఇంకా గోడ వారగా ఉన్నాయి. ఒకదానిలో ఆయన, ఎదురుగా ఇంకొకదానిలో చనిపోయినావిడ తమ్ముడు. ఆ తమ్ముడికి వీధి మలుపులో జనరిక్ మందుల కొట్టు ఉంది.

“మెల్లగా బావా. పక్కింటివాళ్ళు వింటారు.”

“విననీ. నీ కొట్టుకి ఊరికే ప్రచారం.”

“డాక్టరు ఏమన్నాడో మీరూ విన్నారు కదా. నిద్రలో షుగరు పడిపోయిందన్నాడు. నా మందులో పస లేకపోతే షుగరు పెరగాలి గానీ పడిపోదు.”

“కల్తీ మందు ఏమైనా చేస్తుంది. పేరూ ఊరూ లేని మందు.”

“పేరెందుకు లేదు? మీరు తెచ్చిందీ అదే మందు. కంపెనీవాడు పైన ఇంకో పేరు పెట్టి, డబ్బా మీద బంగారు గీత గీశాడు. గీత చూసి రోగం సెల్యూట్ కొడుతుందా?”

వెల్డరు పళ్ళు కొరికాడు.

ఏళ్ళ తరబడి ఆమె షుగరుకి తమ్ముడి కొట్టు మాత్రలే వాడింది. ఏ ఇబ్బందీ రాలేదు. కిందటి నెల షెడ్డులో ఎవడో నవ్వుతూ అన్నాడు, ‘పెళ్ళానికి బావమరిది కొట్టులో మిగిలిపోయినవి మింగిస్తున్నావటగా’ అని. ఆ సాయంత్రమే ఆయన పెద్ద బజారుకి వెళ్ళి కంపెనీ మందు కొనుక్కొచ్చాడు. ‘అది వేరు, ఇది వేరు. ఇది అసలైన మందు’ అని ఆమె చేతిలో పెట్టాడు. ఎందుకండీ ఇంత ఖరీదువి అంది ఆమె. ‘నీకంటే ఖరీదా’ అన్నాడు. కాపురం మొత్తంలో ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదలు. ఆమె మాత్రల డబ్బా వంక చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడింది.

సంగతి తెలిసి తమ్ముడు పరుగున వచ్చాడు. ‘నాన్న పోయాక కుట్టుమిషను తొక్కి నన్ను చదివించావు. నీకు నేను నాసిరకం ఇస్తానా అక్కా?’ అని కళ్ళనీళ్ళు పెట్టుకుని, తన కొట్టు మాత్రల కొత్త షీట్లు ఇచ్చి వెళ్ళాడు. ‘నువ్విచ్చినవే వేసుకుంటాలేరా పిచ్చోడా’ అంది ఆమె.

“రోజూ అడిగేవాణ్ణి, వేసుకున్నావా అని,” అన్నాడు వెల్డరు. “వేసుకున్నానండీ అనేది. ఉత్తిదే. నాతో అబద్ధం చెప్పి నీ మందు మింగింది. అందుకే ఆ చెమటలు, ఆ వణుకు. మొన్న చేతిలో గిన్నె కూడా జారిపోయింది.”

తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. “చెమటలు పట్టాయా? నాకెందుకు చెప్పలేదు?”

“నీకు చెప్పేదేంటి? కంపెనీ మందు పవరు అలాగే ఉంటుంది, అలవాటు పడాలి అని దానితో అన్నాను.”

“అన్నావా?” బావని అతను నువ్వు అనడం ఎన్నడూ లేదు. “మందుల కొట్టు నాది. సలహా నీదా?” అతను వంటగది వైపు తిరిగాడు. “మామయ్యకి ఒక్క మాట చెప్పాలని నీకైనా తోచలేదా అమ్మా?”

గుమ్మంలోకి వచ్చిన కూతురు తడిచేతులు చున్నీకి తుడుచుకుంది.

“అమ్మే చెప్పొద్దంది మామయ్యా. నీ మందు వల్లేనని నాన్న, నాన్న మందు వల్లేనని నువ్వు మళ్ళీ మొదలెడతారంది.”

“ఆయన మందు వల్లే,” అన్నాడు తమ్ముడు. “అక్క అబద్ధం చెప్పింది నాతో. నన్ను ఊరుకోబెట్టడానికి నావి వేసుకుంటున్నానంది.”

“కాదు, నాతో చెప్పింది!”

“నాతో!”

“సిగ్గుగా లేదా ఇద్దరికీ?” అంది కూతురు. “మొన్నటిదాకా నా మాటే వింటుందంటే నా మాటే వింటుందని మీసాలు తిప్పారు. ఇవాళ పోయిన మనిషిని అబద్ధాలకోరుని చెయ్యడానికి పోటీ పడుతున్నారు.”

ఇద్దరూ తల దించుకున్నారు. ఆమె తనతో నిజం చెప్పి ఉంటే, ఆమెను చంపింది తన మందే. దానికంటే ఆమె తనను మోసం చేసిందనుకోవడం తేలిక.

“ఆ మాత్రలు తీసుకురా,” అన్నాడు వెల్డరు చివరికి కూతురితో. “ఎవరివి మింగిందో ఇప్పుడే తేలిపోతుంది. ఒరేయ్, నీవని తేలితే మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు.”

“తొక్కను. మీవని తేలితే?”

వెల్డరు కూతురికి పడకగది వైపు చెయ్యి చూపించాడు.

కూతురు పడకగదిలోకి వెళ్ళింది. సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. వచ్చి, ఎవరి వంకా చూడకుండా, మాత్రల షీట్లు ఖాళీ కుర్చీలో పెట్టి గోడకి ఆనుకుని కూలబడింది.

వెల్డరు బావమరిది మందు లాక్కున్నాడు. బావమరిది కంపెనీ మందు అందుకున్నాడు.

“చూశావా, సగం ఖాళీ!” అన్నాడు వెల్డరు.

“ఇదిగో, సగం ఖాళీ!” అన్నాడు తమ్ముడు.

ఒకరి చేతిలోది ఒకరు చూసుకున్నారు.

ఆమె ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు.