పైడితల్లి పొట్టబిళ్ల

పొట్టకు అతికించిన బిళ్ల పచ్చగా వెలిగితేనే, అంటే కడుపు నిండితేనే, ఆటగాళ్లను పోటీకి రానిచ్చే రోజులవి. బరువులెత్తే పైడితల్లి బిళ్ల రెండు నెలలుగా పచ్చగానే ఉంది. ఆ ఉదయం తల్లి సింహాచలం ఫోనుకు, బిళ్లలు పంపే లెక్కలు చూసే క్రీడాసంఘం నుంచి కబురొచ్చింది: "మీ అమ్మాయి నిద్రలోనూ నములుతోంది. ఒకసారి చూసుకోండి."

నిద్రలో నమిలేది ఎవరో సింహాచలానికి తెలుసు. పశువులపాకలోకి పరుగెత్తింది. గేదె తీరిగ్గా నెమరు వేస్తోంది. దాని పొట్ట మీద బిళ్ల ధగధగలాడుతోంది!

పీకి కూతురికి అతికిస్తే ఎర్రబడింది.

"నలభైతొమ్మిది కిలోలు దాటితే నా విభాగం పోద్దమ్మా!" అని ఏడ్చింది పైడితల్లి.

"పోతే పోనీ. పైన ఇంకో విభాగం నేదేటి? తిను!"

పదో ముద్దకు బిళ్ల పచ్చబడింది. పైడితల్లి ఎంగిలిచేత్తోనే పాకలోకి ఉరికింది.

"సూడే! ఇయ్యాల నిండింది నా పొట్టే!" అని గేదెకు చూపించింది.